ఊపిరి – నాడి: హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ల సిఫారసులు, రోగి నమోదు పత్రం – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ఆసుపత్రిలో నిత్యం రెండు రకాల రచనలు పుడుతుంటాయి. ఒకటి, ఈ రోగికి ఏం జరిగిందో చెప్పే రచన. దీన్ని మన ఆసుపత్రుల్లో చదువుకున్నవారూ చదువుకోనివారూ ‘కేస్ షీట్’ అనే అంటారు. రెండోది, ఇటువంటి రోగికి ఏం చేయాలో చెప్పే రచన. దీనికి ‘మార్గదర్శకాలు’, ‘సిఫారసులు’ అనే పేర్లు ఇటీవల పత్రికా భాషలో స్థిరపడ్డాయి. మొదటిది భూతకాలంలో నడుస్తుంది, ఒకే మనిషిని గురించి మాట్లాడుతుంది. రెండోది విధ్యర్థకంలో నడుస్తుంది, ఏ ఒక్క మనిషి గురించీ మాట్లాడదు. మొదటిదాన్ని రాత్రి డ్యూటీలో ఉన్న నర్సో, చిన్న డాక్టరో హడావుడిగా రాస్తారు. రెండోదాన్ని పెద్దలు సభ తీరి, చర్చించి, అచ్చువేస్తారు. గౌరవం రెండోదానికే ఎక్కువ.

సాహిత్య విద్యార్థికి ఈ రెంటితో ఏం పని అని అడగవచ్చు. శాసనాలను, కైఫీయతులను, దండకవిలెలను సాహిత్య చరిత్రకు ఆధారాలుగా స్వీకరించిన పరిశోధన సంప్రదాయం మనది. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏది రాయదగినదని భావించారు, ఏది వదిలేశారు అన్న ప్రశ్నలు అక్కడ ఎంత అవసరమో ఇక్కడా అంతే అవసరం. పైగా ఈ రెండు రచనల మధ్య సంబంధం తెగినచోట మనుషుల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అటువంటి ఒక సందర్భానికి మన హైదరాబాదే వేదిక. 1888, 1889 సంవత్సరాల్లో ఇక్కడ పనిచేసిన క్లోరోఫాం కమిషన్లు ప్రపంచ వైద్యలోకానికి ఒక విధివాక్యాన్ని ఇచ్చాయి: మత్తు ఇచ్చేవాడు ఊపిరినే చూడాలి, నాడిని చూడనక్కరలేదు. ఈ వాక్యం ఎలా పుట్టింది, రోగి పత్రాన్ని ఎలా మార్చింది, చివరకు ఏ పత్రం దాన్ని వెనక్కి నెట్టింది అన్న విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక బాలిక మరణం, ఒక వైద్యుని నోటుపుస్తకాలు

1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో మోర్టన్ ఈథర్ ఆవిరితో రోగికి మత్తు కలిగించి శస్త్రచికిత్సకు వీలు కల్పించాడు. ఏడాది తిరిగేసరికి, 1847 నవంబరులో, ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. క్లోరోఫాం వాసన ఈథరంత ఘాటుగా ఉండదు. కొద్దిపాటి ద్రవం చాలు, పనిముట్లు అక్కరలేదు, మంట అంటుకోదు. వేడి దేశాల్లో ఈథర్ సీసాలోంచే ఆవిరైపోతుంది కాబట్టి ఇక్కడి ఆసుపత్రులకు క్లోరోఫాం మరింత అనుకూలమైంది.

అది వాడుకలోకి వచ్చిన మూడు నెలల్లోపే, 1848 జనవరి 28న, ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర వింలాటన్ గ్రామంలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక మరణించింది. కాలి వేలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లోనే అంతా అయిపోయింది. క్లోరోఫాం వల్ల సంభవించినట్లు నమోదైన తొలి మరణం ఇదే. న్యాయవిచారణ జరిగింది కాబట్టి సాక్షుల మాటలు కాగితం మీద నిలిచాయి. ఆ బాలిక ఆపరేషనంటే బాగా భయపడిందని, దిగులుపడి ఏడ్చిందని ఆ సాక్ష్యాల వల్ల తెలుస్తున్నది. ఆ వాక్యాన్ని నమోదు చేసినవారికి దానితో వైద్యప్రయోజనం ఏదీ కనిపించి ఉండదు. చనిపోయిన పిల్ల మీది జాలితోనే చెప్పి ఉంటారు. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

ఈ మరణానికి కారణమేమిటన్న విషయంలో అప్పుడే రెండు వాదాలు తలెత్తాయి. తెలివి తప్పిన పిల్లను బతికించడానికి నోట్లో పోసిన నీళ్లు, బ్రాందీ ఊపిరికి అడ్డుపడ్డాయని సింప్సన్ వాదించాడు. గాఢమైన క్లోరోఫాం ఆవిరి నేరుగా గుండెను స్తంభింపజేసిందని లండన్ వైద్యుడు జాన్ స్నో వాదించాడు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని చూపిన స్నోగా ఆయన మనకు తెలుసు. వృత్తిరీత్యా మాత్రం ఆయన ప్రధానంగా మత్తు ఇచ్చే వైద్యుడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ప్రసవ సమయంలో క్లోరోఫాం ఇచ్చింది ఆయనే.

స్నో 1848 నుంచి 1858లో మరణించేవరకు తాను చూసిన రోగుల వివరాలను నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. రాణి అయినా, పన్ను పీకించుకోవడానికి వచ్చిన కూలివాడైనా వాటిలో ఒకే తీరు: తేదీ, వయస్సు, చేసిన చికిత్స, ఇచ్చిన మత్తు, తరువాత ఏమైంది. రాణి ప్రసవం కూడా నిమిషాల లెక్కతో, యాభైమూడు నిమిషాలు రుమాలు మీద క్లోరోఫాం ఇచ్చినట్లుగా, నిరాడంబరంగా నమోదైంది. ఆయన మరణానంతరం 1858లో వెలువడిన గ్రంథంలో క్లోరోఫాం వల్ల సంభవించిన యాభై మరణాలను ఒక్కొక్కటిగా సేకరించి విశ్లేషించాడు. విజయాల సంఖ్య చెప్పుకునే వైద్యులున్న రోజుల్లో మరణాలను వరుసగా పేర్చి చదవడమన్నది పాఠపరిశోధకుడు ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చడం వంటి పని. ఏ ప్రతిలో తేడా ఉందో అక్కడే ఆగి చూస్తాం గదా, స్నో కూడా అక్కడే ఆగాడు. తన యాభై మరణాల్లో ఎక్కువభాగం చాలాసేపు గాఢమత్తులో ఉంచినవారివి కావని, మొదటి నిమిషాల్లోనే హఠాత్తుగా సంభవించినవని గమనించడం ఆయనకు అందువల్లనే సాధ్యపడింది.

లారీ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి

ఎడింబరో సంప్రదాయం వేరు. అక్కడి శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ తన శిష్యులకు నేర్పిన పద్ధతిలో మత్తు ఇచ్చేవాడి చూపంతా రోగి ఊపిరి మీదే ఉండాలి. నాలుక వెనక్కి పడితే ముందుకు లాగాలి. నాడి మీద వేలు పెడితే దృష్టి చెదురుతుంది. సైమ్ అల్లుడు జోసెఫ్ లిస్టర్‌దీ ఇదే మతం. లండన్‌లో మాత్రం జోసెఫ్ క్లోవర్ వంటివారు ఒక చేత మత్తు పరికరం, మరో చేత రోగి నాడి పట్టుకునే పద్ధతిని పాటించారు. 1870ల చివర బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ తరఫున గ్లాస్గోలో పనిచేసిన కమిటీ కూడా క్లోరోఫాం గుండెను కుంగదీస్తుందనే చెప్పింది.

ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేస్తూ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాదుకు వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో సైమ్ దగ్గర చదువుకున్నవాడు. 1846లో ఏర్పడి తొలుత ఉర్దూ మాధ్యమంలో వైద్యం బోధించిన హైదరాబాదు వైద్య పాఠశాల ఆయన చేతికి వచ్చింది. దానికి అనుబంధంగా మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 సెప్టెంబరు వరదల్లో ఆ ఆసుపత్రి నేలమట్టమైంది. తరువాత అక్కడ లేచినదే నేటి ఉస్మానియా ఆసుపత్రి. ప్రపంచంలోని తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ లారీ వద్ద శిక్షణ పొందినవారే. స్త్రీలను వైద్యవిద్యకు చేర్చుకోవడంలో లారీ చూపిన చొరవను తక్కువ చేయరాదు. గురువు మాట మీద ఆయనకున్న నమ్మకం కూడా అంత గట్టిదే. తన ఆసుపత్రిలో సైమ్ పద్ధతిలో వేలమందికి క్లోరోఫాం ఇస్తున్నామని, ఊపిరిని కనిపెట్టి ఉంటే ప్రమాదం రాదని ఆయన పదేపదే చెప్పేవాడు.

ఈ నమ్మకాన్ని రుజువు చేయడానికి 1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. వీధికుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. అన్నింటిలోనూ ముందు ఊపిరి ఆగింది, తరువాతే గుండె ఆగింది. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక ఈ ఫలితాన్ని వెంటనే అంగీకరించలేదు. ఇంగ్లండు ఆసుపత్రుల అనుభవానికి ఇది విరుద్ధమని ఆక్షేపించింది. అప్పుడు లారీ ప్రోద్బలంతో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఒక అసాధారణమైన పని చేసింది. పత్రిక తన ప్రతినిధిని హైదరాబాదుకు పంపి స్వయంగా పరీక్షించుకోవడానికి వెయ్యి పౌండ్లు ఇవ్వజూపింది. ‘లాన్సెట్’ తరఫున ఔషధశాస్త్రంలో ప్రసిద్ధుడైన లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాం వల్ల గుండెకు ప్రమాదముందన్న అభిప్రాయం అప్పటికి ఆయనకున్నది. లారీ, బ్రంటన్, జెరాల్డ్ బాంఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండో కమిషన్ 1889 చివరి నెలల్లో పనిచేసింది. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు – వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. రక్తపీడనాన్ని కొలిచే పరికరాన్ని రక్తనాళానికి కలిపి, తిరిగే డోలు మీద గీతలుగా నమోదు చేశారు. ఆ గీతలను ఫోటోలు తీశారు. బ్రంటన్ మనసు మారింది. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లనో మోతాదు మించడం వల్లనో వస్తుందిగాని నేరుగా గుండె నుంచి రాదని ఆయన లండన్‌కు తంతి పంపాడు. 1890లో నివేదిక ‘లాన్సెట్’లో వెలువడింది, 1891లో బొంబాయిలో పుస్తకంగా అచ్చయింది.

ఒక దేశీయ సంస్థానం సొంత ఖర్చుతో శాస్త్ర వివాదాన్ని తీర్చబూనడం, దాని తీర్పు కోసం యూరప్ ఎదురుచూడడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఈ ఘనతను తలచుకునే రచనలు మనకున్నాయి. ఆ తీర్పు తప్పని తరువాత తేలిన సంగతి వాటిలో ఒక్కోసారి మరుగున పడుతున్నది. ఘనతను ఒప్పుకోవడానికి తప్పును దాచనక్కరలేదు.

సూత్రాల భాష

నివేదికలోని ఆచరణ సూత్రాలను రచనగా చదివితే కొన్ని లక్షణాలు స్పష్టంగా కనిపిస్తాయి. రోగి వెల్లకిల పడుకోవాలి. మెడ, రొమ్ము, పొట్టల మీద బిగుతు బట్టలేవీ ఉండరాదు. రోగి ఎంత పెనుగులాడినా పక్కనున్నవారు అతని రొమ్ము మీద, పొట్ట మీద బరువు మోపరాదు. పరికరం అక్కరలేదు, దూది పెట్టిన గరాటు వంటి టోపీ చాలు. కంటిపాప మీద వేలితో తాకినపుడు రెప్ప కదలకపోతే రోగి సిద్ధమైనట్లు. ఊపిరి ఆగేవరకు మత్తును ఎన్నడూ పోనివ్వరాదు. మత్తు ప్రభావాన్ని తెలుసుకోవడానికి పూర్తిగా ఊపిరినే ఆధారం చేసుకోవాలి.

వీటిలో చాలా సూత్రాలు మంచివే. బట్టలు వదులు చేయడం, రొమ్ము మీద ఒత్తిడి పడకుండా చూడడం, దవడను ముందుకు లాగి ఊపిరిదారిని తెరిచి ఉంచడం నేటి మత్తు వైద్యులు కూడా ఒప్పుకునేవే. చిక్కంతా క్రియారూపాల్లో ఉన్నది. బట్టలు వదులు చేయాలన్న సూత్రానికీ, పూర్తిగా ఊపిరినే ఆధారం చేసుకోవాలన్న సూత్రానికీ ఒకే రూపం, ఒకే స్థాయి. మొదటిది ఎవరైనా కళ్లతో చూసి తెలుసుకోగలిగిన విషయం. రెండోది జంతువుల నుంచి మనిషికి వేసిన పెద్ద అంగ. ఏది ఎంత గట్టి ఆధారం మీద నిలిచిందో వాక్యం చెప్పదు. ‘పూర్తిగా’ అన్న ఒక్క క్రియావిశేషణం నలభై ఏళ్ల వివాదాన్ని కప్పివేసింది.

రెండో లక్షణం, సూత్రాల్లో రోగి అనే వ్యక్తి లేకపోవడం. భయపడే రోగి, తాగివచ్చిన రోగి, జబ్బుగుండె రోగి అన్న తేడాలు దాదాపుగా లేవు. పెనుగులాట ఉన్నదిగాని అది ఊపిరికి కలిగే ఇబ్బందిగానే ఉన్నది. విధివాక్యానికి ఇది సహజమేనని అనవచ్చు. అందుకే రెండో రకం రచన, అంటే కేస్ షీట్, పక్కన ఉండాలి. విధివాక్యం వదిలేసిన మనిషిని అది పట్టుకోవాలి.

హైదరాబాదులో జరిగినది దీనికి భిన్నం. నాడి చూడనక్కరలేదన్న సూత్రాన్ని పాటించిన చోట నాడి నమోదు కాదు. నాడి నమోదు కానిచోట, ఊపిరి సాగుతుండగానే నాడి తప్పిన రోగి ఒకడు ఉన్నా, ఆ సంగతి కాగితం మీదికి రాదు. కాగితం మీద లేనిదాన్ని చూపి సూత్రాన్ని ప్రశ్నించడం ఎవరికీ వీలుకాదు. ఇక ఎక్కడైనా రోగి చనిపోతే ఊపిరిని సరిగా కనిపెట్టలేదనే అర్థం. లారీ తన ప్రత్యర్థులకు ఇచ్చిన సమాధానం దాదాపు ఎప్పుడూ ఇదే. అంటే మరణం సూత్రానికి వ్యతిరేక సాక్ష్యం కాక, మత్తు ఇచ్చినవాడి తప్పుకు సాక్ష్యమైంది. సిఫారసు తనకు ఎదురుతిరగగల ఆధారాన్ని పుట్టకముందే తుడిచివేయగలదని ఈ ఉదంతం చూపుతున్నది. ఇందులో ఎవరి మోసమూ లేదు. లారీ చిత్తశుద్ధిని ఆయన ప్రత్యర్థులు కూడా శంకించినట్లు కనిపించదు.

ఇక్కడ ఒక్కమాట ప్రసక్తానుప్రసక్తంగా చెప్పుకోవాలి. ఈ సూత్రం వెలువడిన నేలమీద వైద్యుడంటేనే నాడి చూసేవాడు. ‘బసవరాజీయం’ వంటి గ్రంథాల్లో నాడీపరీక్షకు ఉన్న ప్రాధాన్యం తెలిసిందే. యునానీ హకీములకూ నబ్జు చూడడమే తొలి పని. తెలుగులో వైద్యుని దగ్గరకు వెళ్లడాన్ని ‘చెయ్యి చూపించుకోవడం’ అంటాం. ‘నాడి పట్టడం’ అంటే లోగుట్టు తెలుసుకోవడమనే అర్థం ఏర్పడింది. కమిషన్ సభ్యులు దేశీయ వైద్యాన్ని దృష్టిలో పెట్టుకొని నాడిని పక్కన పెట్టారని నేననడం లేదు, వారి తగవు లండన్‌తోనేగాని హకీములతో కాదు. అయితే అఫ్జల్‌గంజ్‌లో బల్ల మీద పడుకున్న రోగికి, డాక్టరు చెయ్యి పట్టుకోకుండా ముఖం మీద టోపీ పెట్టడం ఎంత వింతగా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ వింతను నమోదు చేసే గడి ఏ పత్రంలోనూ లేదు.

తీర్పు తిరగబడిన విధం

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు ఒక జంతువు మెదడుకు మరో జంతువు రక్తాన్ని అందేలా చేసి, క్లోరోఫాం మెదడుకు మాత్రమే చేరినపుడు ఏమవుతుంది, గుండెకు మాత్రమే చేరినపుడు ఏమవుతుంది అని విడదీసి చూశారు. క్లోరోఫాం గుండె మీద నేరుగా పనిచేస్తుందని వారి ప్రయోగాలు చూపాయి. అయినా హఠాన్మరణాల గుట్టు వీడలేదు. దాన్ని విప్పినవాడు గుడ్‌మన్ లెవీ. 1911లో ఆయన పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, క్లోరోఫాం గాఢంగా కాక తేలికగా ఇచ్చినపుడే గుండె గది కండరాలు లయతప్పి, సంకోచించలేక, పురుగుల్లా మెదులుతూ నిలిచిపోతాయని తేలింది. శరీరంలో అడ్రినలిన్ పెరిగితే ఈ ముప్పు మరింత ఎక్కువ. భయం, పెనుగులాట, మత్తు పూర్తిగా ఎక్కకముందే కత్తి పెట్టడం – ఇవన్నీ అడ్రినలిన్‌ను పెంచేవే.

హైదరాబాదు ప్రయోగాల్లో ఇది ఎందుకు కనిపించలేదో ఇప్పుడు తెలుస్తుంది. అక్కడ మరణం ఎలా వస్తుందో చూడడానికి జంతువులకు మోతాదు మించేవరకు క్లోరోఫాం ఇచ్చారు. గాఢమత్తులో ముందు ఊపిరే ఆగుతుంది. వారు చూసింది నిజమే, వారి గీతలు అబద్ధం చెప్పలేదు. కాని ఇంగ్లండు ఆసుపత్రుల్లో మనుషులు చనిపోతున్నది గాఢమత్తులో కాదు, తొలి నిమిషాల తేలిక మత్తులో. స్నో యాభై మరణాల పట్టికలో ఆ సంగతి మూడు దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉన్నది. కమిషన్ అడిగిన ప్రశ్న వేరు, రోగి పత్రాలు వేస్తున్న ప్రశ్న వేరు.

ఇప్పుడు హానా గ్రీనర్ దగ్గరకు మళ్లీ వెళ్లవచ్చు. ఆమె మరణకారణాన్ని నూటికి నూరుపాళ్లు తేల్చడం నేటికీ కష్టమే. నీళ్లూ బ్రాందీ ఊపిరితిత్తుల్లోకి పోయాయన్న వాదానికి ఇప్పటికీ సమర్థకులున్నారు. అయితే లెవీ తరువాత, ఆ బాలిక భయపడి ఏడ్చిందన్న వాక్యం జాలిమాటగా మిగలలేదు, కారణానికి సంబంధించిన ఆధారమైంది. అరవై మూడేళ్లపాటు ఆ వాక్యం తన అర్థం కోసం కాచుకొని ఉన్నది. రాసినవారికి తెలియని అర్థం పాఠంలో ఉండగలదని సాహిత్య విమర్శలో మనం తరచు అంటుంటాం. ఆ మాటకు ఇంతకన్నా కఠినమైన ఉదాహరణ నాకు తారసపడలేదు. విచారణలో ఎవరైనా అది వైద్యానికి సంబంధించని మాటని కొట్టివేసి ఉంటే మనకు దక్కేది కాదు.

బోస్టన్ పత్రం

హైదరాబాదు నివేదిక వెలువడిన మూడు నాలుగేళ్లకు, నివేదికతో ఏ సంబంధమూ లేకుండా, బోస్టన్‌లో ఒక చిన్న పని జరిగింది. హార్వీ కుషింగ్, ఎర్నెస్ట్ కాడ్‌మన్ అప్పుడు వైద్యవిద్యార్థులు. అప్పట్లో మత్తు ఇవ్వడమంటే అనుభవం లేని విద్యార్థులకు అప్పగించే పని. కుషింగ్ ఈథర్ ఇచ్చిన ఒక రోగి శస్త్రచికిత్స సమయంలోనే చనిపోయాడు. ఇటువంటివి మామూలేనన్నట్లుగా పెద్దలు సాగిపోయారు. కుషింగ్‌కు మాత్రం వైద్యం మానేద్దామా అనిపించేంత బాధ కలిగింది. ఎవరు బాగా మత్తు ఇస్తారో చూద్దామని మిత్రులిద్దరూ పందెం వేసుకున్నారు, గెలిచినవాడికి విందు. ఆ పోటీ కోసం ప్రతి రోగికీ ఒక గళ్ల కాగితం తయారు చేశారు. అడ్డంగా కాలం, నిలువుగా నాడి, ఊపిరి, ఉష్ణోగ్రత. 1894 నవంబరు 30 తేదీతో కాడ్‌మన్ గీసిన పత్రం వీటిలో మనకు దొరుకుతున్న తొలి ప్రతి. 1901లో కుషింగ్ ఇటలీ వెళ్లి రివా-రోచి కనిపెట్టిన రక్తపోటు పరికరాన్ని చూసి వచ్చాడు. అప్పటినుంచి పత్రంలో మరో గీత చేరింది.

ఈ పత్రం గురించి గమనించవలసిన సంగతి ఒకటున్నది. అది నాడి ముఖ్యమా, ఊపిరి ముఖ్యమా అని తేల్చలేదు. రెండింటినీ పక్కపక్కన రాయమన్నది, అంతే. ఏది ముఖ్యమో రోగి చెబుతాడు. తీర్పు ఇవ్వడానికి తొందరపడని ఈ గుణమే, ఒక మహాకమిషన్ చేయలేని పనిని ఇద్దరు కుర్రవాళ్ల పందెపు కాగితం చేత చేయించింది.

కాడ్‌మన్ అక్కడితో ఆగలేదు. ప్రతి రోగికీ చికిత్స జరిగిన ఏడాది తరువాత ఏమయిందో కార్డు మీద రాయాలని, ఫలితం బాగా లేకపోతే ఎవరి పొరపాటో కూడా రాయాలని పట్టుబట్టాడు. ఆసుపత్రి పెద్దలకు ఇది రుచించలేదు. ఆయన బయటికి వచ్చి సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకొని, 1911 తరువాతి అయిదేళ్లలో తాను చూసిన 337 మంది రోగుల ఫలితాలను, అందులో 123 పొరపాట్లను స్వయంగా అచ్చువేశాడు. ఆసుపత్రి నడవలేదు, మూతపడింది. కాని ఆయన వాదానికి బలం చేకూరుతూనే వచ్చింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఆసుపత్రులకు నిర్ణయించిన కనీస ప్రమాణాల్లో ప్రతి రోగికీ సమగ్రమైన నమోదు పత్రం ఉండాలన్నది ఒకటి. నూరు పడకలకు మించిన 692 ఆసుపత్రులను 1919 నాటికి పరిశీలిస్తే ఆ ప్రమాణాలకు తూగినవి 89 మాత్రమే. తూగనివాటిలో పేరుమోసిన ఆసుపత్రులుండడంతో, ఆ జాబితా పత్రికలవారి చేతికి చిక్కకుండా సమావేశం జరిగిన హోటలు కొలిమిలో కాల్చివేశారు. నమోదు పత్రాలు లేవని చెప్పే నమోదు పత్రాన్నే కాల్చివేయడం చరిత్రలోని విచిత్రాల్లో ఒకటి.

‘చేయాలి’ – ‘చేయవచ్చు’

ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల్లో సిఫారసుల భాష మీద వైద్యులకే అనుమానం కలిగింది. 1990లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ మార్గదర్శకాలకు నిర్వచనం ఇచ్చింది. అవి క్రమపద్ధతిలో రూపొందాలని, వైద్యునికీ రోగికీ నిర్ణయంలో తోడ్పడాలని అందులోని సారాంశం. 2000ల తొలినాళ్లలో రూపుదిద్దుకున్న ‘గ్రేడ్’ పద్ధతి ఇంకా ముందుకు వెళ్లి, ప్రతి సిఫారసుకూ దాని వెనక ఉన్న ఆధారం ఎంత గట్టిదో చెప్పాలన్నది. గట్టి సిఫారసుకు ఒక క్రియ, బలహీనమైన సిఫారసుకు మరో క్రియ వాడతారు. స్థూలంగా తెలుగులో చెబితే ‘చేయాలి’కీ ‘చేయవచ్చు’కూ ఉన్న భేదమే. వ్యాకరణంలో మనం విధ్యర్థకం, అనుమత్యర్థకం అని పాఠం చెప్పుకునే భేదం శస్త్రచికిత్సశాలలో ప్రాణభేదమవుతుందని గ్రహించడానికి ఆ లోకానికి చాలాకాలం పట్టింది. హైదరాబాదు సూత్రాలను ఈ పద్ధతిలో తిరగరాస్తే, బట్టలు వదులు చేయాలి అన్నది ‘ఆలి’తోనే ఉంటుంది. ఊపిరినే ఆధారం చేసుకోవాలన్న సూత్రం ‘వచ్చు’ దగ్గరైనా నిలిచేదా అన్నది సందేహమే.

1986లో హార్వర్డు ఆసుపత్రులు మత్తు సమయంలో పాటించవలసిన ప్రమాణాలను ప్రకటించాయి. రోగి రక్తపోటును, గుండె వేగాన్ని కనీసం అయిదు నిమిషాలకొకసారి చూడాలని, మత్తు ఇచ్చే వ్యక్తి రోగి పక్కనే ఉండాలని, ఊపిరిని, రక్తప్రసరణను ఎడతెగకుండా గమనించాలని వాటిలో ఉన్నది. ఊపిరి, నాడి రెండూ ఒకే వాక్యసముదాయంలోకి చేరాయి. పైగా ఈ ప్రమాణాలు ఏ మందు వాడాలో చెప్పలేదు, ఏమేమి చూడాలో మాత్రమే చెప్పాయి. అవి నిజానికి సిఫారసు రూపంలో ఉన్న కేస్ షీట్.

రెండేళ్ల కిందట మా అమ్మమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేసినపుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. ముందురోజు సాయంత్రం ఇంగ్లీషులో ఉన్న అంగీకారపత్రం మీద ఆమె చేత సంతకం చేయించారు. అందులో ఏముందో ఆమెకు చదివి చెప్పే పని నాకు పడింది. మత్తు డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకొని చూసినపుడు మాత్రం ఆమె మొహం తేటపడింది. ఆపరేషన్ అయ్యాక మంచం చివర వేలాడుతున్న కేస్ షీట్‌లో ఒక గళ్ల కాగితం కనిపించింది. అయిదేసి నిమిషాలకొక నిలువు గీత. పైన ఒకటి కిందికి, కింద ఒకటి పైకి చూసే కొక్కీల గుర్తులు రక్తపోటుకు, మధ్యలో నాడికి చుక్కలు, అడుగున ఊపిరి లెక్క. గంటా నలభై నిమిషాల ఆమె జీవితం ఆ చుక్కల్లో ఉన్నది. కాగితం పైభాగాన ‘ఇతర విషయాలు’ అన్న చిన్న గడిలో ఎవరో ఇంగ్లీషులో, దాదాపు చదవడానికి వీలుకాని చేతిరాతలో, రెండు మాటలు రాశారు: రోగి ఆందోళనగా ఉన్నది.